కాగితం మీదికెక్కని బలప్రయోగం

మన దగ్గర ప్రజా ఉద్యమాల చరిత్రను తూటాల లెక్కతో చెప్పుకోవడం అలవాటు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన నాటి సిటీ కాలేజీ కాల్పులు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్, 2007 జూలై 28న ముదిగొండ, 2010లో సోంపేట, 2011లో కాకరాపల్లి. ఊరి పేరు తలిస్తే చాలు, తేదీ, చనిపోయినవాళ్లు, స్తూపం కళ్లముందుకొస్తాయి. ఈ వరసలో సంగారెడ్డి జిల్లాకూ ఒక చోటుంది. 1969 జనవరి 24న సదాశివపేటలో ప్రత్యేక తెలంగాణ ఆందోళనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. గాయపడ్డవారిలో ఒక కుర్రవాడు మర్నాడు కన్నుమూశాడు. ఆ ఉద్యమంలో పోయిన తొలి ప్రాణం అతనిదేనని చెప్పుకుంటారు. ఆ తర్వాతి అర్ధశతాబ్దంలో ఈ ప్రాంతంలో ఫ్యాక్టరీలొచ్చాయి, వాగులు రంగు మారాయి, భూములు పోయాయి, జనం ఎన్నోసార్లు రోడ్డెక్కారు. వాళ్ల మీద పోలీసు బలం పడుతూనే ఉంది. కాకపోతే దాని రూపు మారింది. తూటా పోయి లాఠీ వచ్చింది, లాఠీ కంటే ముందు తెల్లవారుజామున ఇంటికొచ్చే జీపు వచ్చింది. బలం ఇన్ని రూపాలు మార్చుకున్నా, దానికి జవాబు అడిగే మన పద్ధతి మాత్రం 1969లో ఎక్కడుందో అక్కడే, తూటా దగ్గరే ఉండిపోయింది. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంత చరిత్ర మనకు చెప్పే అసలు సంగతి ఇదేనని నా వాదన.

ఇలా ఎందుకైందో చూడాలంటే జవాబుదారీ ఎక్కడ మొదలవుతుందో చూడాలి. కాల్పుల్లో మనిషి చనిపోతే శవపంచనామా ఉంటుంది, పోస్టుమార్టం ఉంటుంది, మేజిస్ట్రేటు విచారణ ఉంటుంది, గొడవ పెద్దదైతే కమిషన్ ఉంటుంది. 1952 సిటీ కాలేజీ కాల్పుల మీద జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డితో విచారణ వేశారు. కస్టడీలో ఎవరైనా చనిపోతే 24 గంటల్లో తనకు తెలపాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లోనే ఆదేశించింది. ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తు ఎలా ఉండాలో సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవన్నీ పౌరహక్కుల సంఘాలు ఏళ్ల తరబడి పోట్లాడి సాధించినవి, వాటి విలువ తగ్గించి మాట్లాడటం తప్పు. అయితే ఈ మెట్లన్నిటికీ తొలి మెట్టు ఒక్కటే, శవం. కనీసం గాయం. ఒంటి మీద మచ్చ పడకుండా మనిషిని పన్నెండు గంటలు మాయం చేస్తే ఈ మెట్లలో ఏ ఒక్కటీ ఎక్కలేం. తూటాకు లెక్క ఉంది, ఎన్ని రౌండ్లు పేల్చారో రాసుకోవాలి. జీపుకు లెక్క లేదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి గెలిచాక ఈ ప్రాంతానికి పరిశ్రమల రాక మరింత పెరిగింది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు, 1970 పేటెంట్ చట్టం తెచ్చిన వెసులుబాటు, వెనకబడిన ప్రాంతమన్న రాయితీలు అన్నీ కలిసి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి వరసను మందుల ముడిసరుకుకు పెట్టింది పేరు చేశాయి. ఆ ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరలోకి చేరింది. బావుల్లో నీళ్లు రంగు తిరిగాయి, పొలాలు పడావు పడ్డాయి. స్థానిక వైద్యుడు అల్లాని కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగుల బాధలోంచి ఈ సంగతి పసిగట్టి, రైతుల్ని కూడగట్టి, జీవితంలో ఎక్కువ భాగం ఈ పోరాటానికే ఇచ్చారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయి 2017లో తీర్పొచ్చింది. ఇరవై ఏడేళ్లు. ఈలోగా 1994లో ఉమ్మడి శుద్ధి కర్మాగారం పెట్టారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఆ కర్మాగారం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధి అయిందన్న ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. మందు మింగిన రోగి నెత్తురులో ఉండేదానికంటే ఎక్కువ మందు ఆ నీటిలో ఉందన్నమాట.

ఈ కథలో పోలీసులు ఎక్కడ అని అడగొచ్చు. చట్టాన్ని దగ్గరగా చూస్తే దొరికే సమాధానం నన్ను ఇప్పటికీ నిలవనివ్వదు. 1974 జలకాలుష్య నివారణ చట్టంలో 49వ సెక్షన్ ఉంది. నీళ్లు పాడుచేసిన కంపెనీ మీద కాలుష్య నియంత్రణ మండలి ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకుంటుంది. మామూలు మనిషి ఫిర్యాదు చేయాలంటే ముందుగా మండలికి 60 రోజులకు తక్కువ కాకుండా నోటీసు ఇచ్చి ఆగాలి. బావి ఎర్రబడ్డ రైతు ఠాణాకు పోయి ఫలానా కంపెనీ మీద ఈ చట్టం కింద కేసు పెట్టండంటే ఎస్ఐ చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. అదే రైతు కడుపుమండి జాతీయ రహదారి మీద బైఠాయిస్తే? చట్టవిరుద్ధంగా గుమిగూడటం, దారికి అడ్డంపడటం, అధికారి ఉత్తర్వు ధిక్కరించడం. వారెంటు అక్కర్లేదు, నోటీసు అక్కర్లేదు, గంటలో వ్యాను ఎక్కిస్తారు. నీటికి 60 రోజులు, రోడ్డుకు 60 నిమిషాలు. దీనికి ఏ ఒక్క పోలీసు అధికారి దుర్మార్గమో కారణం అనుకోను. చట్టమే ఒక చేతికి పరుగు నేర్పి, ఇంకో చేతికి సంకెల వేసింది. పరిశ్రమల ప్రాంతంలో పోలీసులు ఎప్పుడూ ఫ్యాక్టరీ పక్షమే అని జనం నోట వచ్చే మాటకు మూలం ఇక్కడుంది. పోలీసు మనసులో ఏమున్నా, అతని చేతికి ఇచ్చిన పని ఒకవైపే చూస్తుంది.

2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయేదాకా సంగారెడ్డే మెదక్ జిల్లా కేంద్రం. కాబట్టి ఆ ఏడాది జూలై 24న మల్లన్నసాగర్ ముంపు గ్రామాల్లో జరిగింది కూడా ఈ చరిత్రలో భాగమే. 50 టీఎంసీల రిజర్వాయర్‌కు భూములు తీసుకోవడానికి ప్రభుత్వం 2013 భూసేకరణ చట్టాన్ని పక్కనపెట్టి 123వ నంబరు జీవో కింద కొనుగోళ్లు చేస్తుంటే, వేములఘాట్, పల్లెపహాడ్, ఎర్రవల్లి తదితర ఊళ్ల జనం రాజీవ్ రహదారి దిక్కు బయలుదేరారు. దారిలో లాఠీచార్జి జరిగింది. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు దెబ్బలు తగిలాయి. పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపారని కూడా ఆనాటి పత్రికలు రాశాయి. పరామర్శకు బయలుదేరిన నాయకుల్ని దారిలోనే ఆపారు, ఊళ్లలో 144 సెక్షన్ పెట్టారు. ఇక్కడ నేను గుర్తుచేయదలచింది ఆ తర్వాతి పదిరోజుల సంగతి. ఆగస్టు 3న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ 123 జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది, వ్యవహారం ఇంకో దారి పట్టింది, అది వేరే కథ. కానీ ఏ జీవో వద్దని వాళ్లు రోడ్డెక్కారో ఆ జీవో చెల్లదని పదిరోజులకే ఒక న్యాయస్థానం చెప్పింది. అంటే లాఠీ దెబ్బ తిన్న రోజున, న్యాయం దృష్టిలో, ఆ జనం అడుగుతున్నది గాలిమాట కాదు. ఆ దెబ్బలకు ఎవరైనా ఎక్కడైనా సమాధానం చెప్పారా అంటే మాత్రం, భూమి కేసులు కోర్టుల్లో నడిచాయి గాని లాఠీ సంగతి ఊళ్లలోనే ఉండిపోయింది.

లాఠీ కనీసం కనపడుతుంది. ఫొటో దిగుతుంది, ఆస్పత్రి చీటీ మీదికి ఎక్కుతుంది. దానికంటే ముందుకొచ్చిన పనిముట్టు ముందస్తు అరెస్టు. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీలో 151, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 170వ సెక్షన్. చదివితే అది చాలా ఇరుకైన సెక్షన్. ఫలానా మనిషి నేరం చేయబోతున్నాడని పోలీసు అధికారికి తెలిసి ఉండాలి, అరెస్టు తప్ప ఆ నేరాన్ని ఆపే మార్గం ఇంకోటి లేదనిపించాలి. ఈ రెండు షరతులు లేకుండా చేసే అరెస్టు రాజ్యాంగంలోని 21, 22 అధికరణాలకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో రాజేందర్ సింగ్ పఠానియా కేసులో చెప్పింది. వాడుకలో అది ఎలా తయారైందో తెలుగు జిల్లాల్లో ఉద్యమాలతో పరిచయమున్నవారెవరికైనా తెలుసు. ముఖ్యమంత్రి వస్తున్నాడంటే, మంత్రి శంకుస్థాపన ఉందంటే, ఫ్యాక్టరీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ ఉందంటే, ముందురోజు రాత్రి తలుపు చప్పుడవుతుంది. "సారు ఒకసారి రమ్మంటున్నడు, పొద్దున పంపిస్తం" అంటారు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిన మనిషిని స్టేషన్ బల్ల మీద కూర్చోబెట్టి ఫోన్ తీసుకుంటారు. ఒక్కోసారి సొంత మండలం స్టేషన్‌లో కాకుండా దూరాన ఉన్న స్టేషన్‌లో పెడతారు, ఇంటివాళ్లు వెతుక్కుంటూ తిరగాలి. టిఫిన్ పెట్టిస్తారు, చాయ్ తాగిస్తారు. కార్యక్రమం ముగిసి మంత్రి కాన్వాయ్ జిల్లా దాటాక పొమ్మంటారు. ఎఫ్ఐఆర్ ఉండదు, అరెస్టు మెమో ఉండదు, ఏ మేజిస్ట్రేటు ముందూ నిలబెట్టరు. గృహనిర్బంధం ఇంకా ఒక అడుగు ముందుంది. గుమ్మం ముందు ఇద్దరు కానిస్టేబుళ్లు కుర్చీలేసుకుని కూర్చుంటారు. నోటిమాటతో ఇలా మనిషిని ఇంట్లో కట్టేయవచ్చని ఏ చట్టంలోనూ లేదు.

2025 ఫిబ్రవరి మొదటివారంలో గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో ఈ పనిముట్టును పూర్తిగా వాడటం చూశాం. హైదరాబాద్ చెత్తకు అక్కడ డంపింగ్ యార్డు పెట్టాలని జీహెచ్ఎంసీ సంకల్పం. తాగునీరు, సాగునీరు, పక్కనున్న నర్సాపూర్ అడవి పాడవుతాయని ఊళ్లవాళ్ల భయం. నక్కవాగు కథ పక్క మండలాల్లోనే కళ్లముందు నడిచింది కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పనులు మొదలైన రోజు యంత్రాలతోపాటు పెద్దసంఖ్యలో పోలీసులొచ్చారు. అడ్డుకుంటారనుకున్నవారిని ముందే అదుపులోకి తీసుకుని ఠాణాలకు తరలించారు. ప్యారానగర్, నల్లవల్లి, గుమ్మడిదల జనం ఆ తర్వాత నెలల తరబడి రిలే దీక్షల్లో కూర్చున్నారు. డంపింగ్ యార్డు మంచిదా చెడ్డదా అన్నది ఇంజనీర్లు, కోర్టులు తేల్చాల్సిన మాట కావొచ్చు. ఆ మాట తేలకముందే, మొదటి జేసీబీ దిగే గడియకు అక్కడ నిలబడి వద్దని చెప్పే హక్కును ఠాణా బల్ల మీద కూర్చోబెట్టారు. నిరసనకు కాలం ముఖ్యం. శంకుస్థాపన రోజు పలికే మాటకున్న బలం మర్నాడు పలికితే ఉండదు. ముందస్తు అరెస్టు మనిషిని కొట్టదు, ఆ గడియను అతని నుంచి లాక్కుంటుంది. సాయంత్రం మనిషిని వదిలేస్తారు గాని ఆ గడియ తిరిగి రాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జనం ఎప్పుడూ చేతులు కట్టుకుని నిలబడరు, పోలీసులకూ దెబ్బలు తగులుతాయి, ముందే ఆపితే ఇద్దరికీ మేలు కదా అంటారు. నిజమే. 2020 ఏప్రిల్ 29న కంది ఐఐటీ ప్రాంగణంలో నిర్మాణ పనుల్లో ఉన్న వలస కార్మికులు, రెండు వేలకు పైనే, పెండింగ్ జీతాలివ్వండి, ఊళ్లకు పంపండి అని తిరగబడినప్పుడు పోలీసుల మీద రాళ్లు పడ్డాయి, పోలీసు వాహనం ధ్వంసమైంది, పోలీసులు గాయపడ్డారు. 2024 నవంబరు 11న పక్కన వికారాబాద్ జిల్లా లగచర్లలో ఫార్మా భూసేకరణ మీద మాట్లాడటానికి వెళ్లిన కలెక్టర్ మీద, అధికారుల మీద దాడి జరిగింది. రాయి విసిరినవాడి మీద కేసు పెట్టాలి, సాక్ష్యంతో నిరూపించాలి, శిక్ష వేయించాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. అయితే కంది సంగతి చివరిదాకా చూడండి. దాన్ని చల్లార్చిందేమిటి? రెండు రోజులు తిరక్కుండా, మే 1 తెల్లవారుజామున, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మంది కార్మికులతో ఒక రైలు కదిలింది. బోగీకి 72 మంది పట్టేచోట 54 మందినే కూర్చోబెట్టారు. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు అదే. నెలకు పైగా అడుగుతున్న మాట ఒక్కరోజు గొడవతో అధికారుల చెవికెక్కింది. శాంతిగా అడిగినప్పుడు వినే చెవి ఉంటే ఆ రాళ్లు పడేవి కావనే నమ్ముతాను. పడ్డ రాళ్లను ఆ మాట ఒప్పు చేయదు. కానీ ముందస్తు అరెస్టు హింసను ఆపుతుందన్న వాదనకు ఇది ఎదురు సాక్ష్యం. శాంతిగా మాట్లాడే పెద్దమనుషుల్ని, సర్పంచ్‌ని, సంఘం నాయకుణ్ని రాత్రికి రాత్రి ఎత్తుకుపోతే, పొద్దున అక్కడ మిగిలేది పెద్ద దిక్కులేని గుంపు. గుంపును అదుపులో పెట్టగల మనుషుల్నే మనం ముందుగా తీసేస్తున్నాం.

లగచర్ల సంగతి మళ్లీ సంగారెడ్డికే చేరింది. దాడి తర్వాత రాత్రివేళ ఊళ్ల మీద పడి అరెస్టులు చేశారు. జైలుకెళ్లిన రైతుల్లో కొందరిని కంది దగ్గరి సంగారెడ్డి జైల్లో పెట్టారు. డిసెంబరు 12న వారిలో ఒక గిరిజన రైతుకు గుండెనొప్పి వస్తే సంగారెడ్డి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకొచ్చారు, చేతులకు బేడీలతో. గుండె పట్టుకున్న మనిషి చేతికి ఇనుప గొలుసు. ఆ దృశ్యం టీవీల్లోకి ఎక్కింది. అదేరోజు ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు, ఒక జైలు అధికారిని సస్పెండ్ చేశారు, వారం తిరక్కుండా రైతులకు బెయిలు వచ్చింది. బేడీల మీద చట్టం కొత్తదేం కాదు. 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ బేడీలు వేయడం మామూలు పద్ధతి కారాదని తేల్చారు. 1995లో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా ఖైదీకి బేడీలు వేయరాదంది. నలభై నాలుగేళ్ల నాటి తీర్పు చేయలేని పనిని ఒక కెమెరా పూటలో చేసింది. 2023లో మెదక్‌లోనూ ఇంతే. గొలుసు దొంగతనం అనుమానంతో, సీసీ కెమెరాలో పోలిక చూసి పట్టుకెళ్లిన ఒక కూలీ, పోలీసులు కొట్టారని వీడియోలో చెప్పి, ఫిబ్రవరిలో గాంధీ ఆస్పత్రిలో చనిపోయాక హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. చర్య తీసుకున్నందుకు సంతోషమే. కానీ రెండుచోట్లా చర్యను నడిపింది ఏమిటో గమనించాలి. కంటికి కనపడ్డ బేడీ, కంటికి కనపడ్డ శవం. ఏమీ కనపడని చోట, అవే జిల్లాల్లో, అవే నెలల్లో ఎంతమంది ఎన్ని గంటలు ఠాణా బల్లల మీద గడిపారో చెప్పే కాగితం మన దగ్గర లేదు.

ఇంకో అభ్యంతరం నా మిత్రుల్లోనే కొందరు చెబుతారు. సదాశివపేటలో తూటా, బషీర్‌బాగ్‌లో తూటా, ఇప్పుడు టిఫిన్ పెట్టి సాయంత్రం పంపిస్తున్నారు, ఇది మెరుగుదల కాదా అని. ప్రాణం పోకపోవడం కచ్చితంగా మెరుగుదలే. కాల్పులకు వెనకాడే స్థితికి పోలీసుల్ని తెచ్చింది కూడా ఆ చనిపోయినవాళ్ల కోసం జరిగిన ఆందోళనలే. అయితే తూటా పేల్చాలంటే ప్రభుత్వం భయపడాలి, రాజకీయంగా వెల చెల్లించాలి, అందుకే అది అరుదు. వెల లేని పనిముట్టు అరుదుగా ఉండదు. ఖర్చు లేదు, రికార్డు లేదు, రేపు ప్రశ్న లేదు కాబట్టి ఏ పార్టీ అధికారంలో ఉన్నా ముందస్తు అరెస్టును కాదనలేదు. మల్లన్నసాగర్‌లో ఒక పార్టీ ప్రభుత్వం, ప్యారానగర్‌లో ఇంకో పార్టీ ప్రభుత్వం. అప్పుడు లాఠీని సమర్థించినవారు ఇప్పుడు అరెస్టుల్ని ఖండిస్తున్నారు, అప్పుడు ఖండించినవారు ఇప్పుడు బందోబస్తు పంపుతున్నారు. మెత్తగా ఉంది కాబట్టే అది ఎక్కువమంది మీద, ఎక్కువసార్లు పడుతోంది.

మేం పైనుంచి వచ్చిన మాట పాటిస్తున్నాం, మమ్మల్నెందుకు అంటారు అనే పోలీసుల బాధలోనూ న్యాయం ఉంది. రాత్రి రెండింటికి ఇంకొకరి తలుపు తట్టే కానిస్టేబుల్ కూడా పల్లెటూరి రైతు బిడ్డే. అతనికి వచ్చింది నోటిమాట. రేపు ఆ మనిషికి ఠాణాలో ఏమైనా అయితే నోటిమాట ఇచ్చిన పెద్దవారు కనపడరు, తలుపు తట్టినవాడే మిగులుతాడు. రాతపూర్వక ఉత్తర్వు అందరికంటే ముందు కాపాడేది ఆ కానిస్టేబుల్‌నే. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, పోలీసుల మీద రాజకీయ ఒత్తిడి పడకుండా రాష్ట్ర భద్రతా కమిషన్, పోలీసుల తప్పుల మీద జనం చెప్పుకోవడానికి రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ఫిర్యాదుల అథారిటీలు ఉండాలన్నది ఈ రెండువైపుల బాధా చూసే. జిల్లా స్థాయి అథారిటీ అన్న మాటకు ఎంతో అర్థముంది. గుమ్మడిదల రైతు తన ఫిర్యాదు పట్టుకుని హైదరాబాద్ మెట్లెక్కకుండా సంగారెడ్డిలోనే చెప్పుకోగలగాలని ఆ తీర్పు ఉద్దేశం.

చట్టం నడక మాత్రం ఇంకో దిక్కుగా ఉంది. జిల్లా ఎడిషన్లు తిరగేసేవారికి "30, 30(ఎ) పోలీసు యాక్టు అమలు" అనే చిన్న వార్త బాగా పరిచయం. అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు చేయరాదన్న ఆ ప్రకటనకు మూలం 1861 నాటి పోలీసు చట్టం, 1857 తిరుగుబాటు భయం ఆరకముందే కంపెనీ తర్వాతి దొరలు రాసుకున్నది. నెల ముగియగానే మళ్లీ అదే ప్రకటన. నెలకోసారి పొడిగిస్తూ పోయే మినహాయింపు నిజానికి మినహాయింపు కాదు, అదే రోజువారీ పాలన. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 172వ సెక్షన్ కొత్తగా చేరింది. పోలీసు ఇచ్చిన న్యాయమైన ఆదేశాన్ని పాటించని మనిషిని అదుపులోకి తీసుకోవచ్చు, చిన్న వ్యవహారమైతే మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లకుండా 24 గంటల్లోపు వదిలేయవచ్చు. ఇన్నాళ్లూ చట్టం బయట నడిచిన ఠాణా బల్ల పద్ధతికి ఇది చట్టం లోపలే కుర్చీ వేసింది. సంగారెడ్డి పట్టణంలో 1796 నాటి పాత జైలుంది. 2016లో దాన్ని మ్యూజియం చేసి, 500 రూపాయలు కట్టినవారు 24 గంటలు ఖైదీలా గడిపే ఏర్పాటు పెట్టారు. ఇష్టపడి ఒకరోజు జైలు చూసినవారికి రశీదు ఉండేది. ఇష్టం లేకుండా ఒకరోజు పోగొట్టుకున్నవారికి, తాము పోగొట్టుకున్నామని చూపే చీటీ అయినా ఉండాలి గదా.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచీ పరిశ్రమ పేలింది. 46 మంది చనిపోయినట్టు నిర్ధారించారు, మరో ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి వచ్చిన బంధువులు మా మనిషి ఎక్కడని ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఆస్పత్రి దగ్గర పడిగాపులు పడ్డారు. వాళ్ల ఎదుట మొదట నిలిచింది బారికేడ్, దాని వెనక పోలీసు. ఫ్యాక్టరీల తనిఖీ అధికారి గాని, లోపల ఆ ఉదయం ఎంతమంది ఉన్నారో చెప్పే హాజరు పట్టీ గాని అంత తొందరగా వాళ్ల ముందుకు రాలేదు. ఈ పారిశ్రామికవాడలో జనానికి ప్రభుత్వం మొదట కనపడేది ఎప్పుడూ ఖాకీ బట్టల్లోనే. తక్కిన ప్రభుత్వం తన వంతు పని వేళకు చేసి ఉంటే పోలీసులు జనం ముందు ఇన్నిసార్లు అడ్డంగా నిలబడాల్సిన అవసరమే వచ్చేది కాదు.

చేయగలిగిన పని ఒకటి మన చేతుల్లోనే ఉంది. బీఎన్ఎస్ఎస్ 37వ సెక్షన్ ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, మోపిన నేరం అందరికీ కనపడేలా ప్రదర్శించాలి. ఆ బాధ్యత ఏఎస్ఐకి తక్కువ కాని ఒక అధికారి మీద పెట్టింది చట్టం. కాబట్టి మీ ఊళ్లో మంత్రి పర్యటన జరిగిన మర్నాడు, ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన మర్నాడు, మీ స్టేషన్‌కు వెళ్లి ఆ బోర్డు చూడండి. నిన్న ఎత్తుకెళ్లినవారి పేర్లు అందులో లేకపోతే, ఎవరిని ఏ సెక్షన్ కింద ఎన్ని గంటలు ఉంచారో, జనరల్ డైరీలో రాశారో లేదో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. ఒకరి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 30 రోజులు ఆగనక్కర్లేదు, 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం 7వ సెక్షన్ చెబుతోంది. పటాన్‌చెరు, గుమ్మడిదల, సదాశివపేట, జహీరాబాద్ ఏ స్టేషన్ పేరుతోనైనా అడగండి, వచ్చిన జవాబును భద్రపరచండి.